హంస అంచు ఏ ఫోల్డర్‌లో ఉంది

మా నాయన బస్సు బోర్డును నమ్మేవాడు కాదు. తొంభైల్లో హైవే మీద తిరిగే బస్సులు చాలావాటికి ముందు అద్దం మీద పెనుకొండ అని రాసుండేది గానీ, అవి ఊళ్ళోకి వచ్చేవి కావు. క్రాసులో దింపేసి, దుమ్ము మనకు వదిలి, తమ దారి తాము చూసుకునేవి. అందుకని హిందూపురం బస్టాండులో ఎక్కేముందు ఆయన డ్రైవర్ని అడిగేవాడు, కండక్టర్ని అడిగేవాడు, ఆ ఇద్దరూ కుమ్మక్కయ్యారేమోనని కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుణ్ణి కూడా అడిగేవాడు.

"ఏమప్పా, ఈ బస్సు పెనుకొండ లోపలికి పోతాదా?"

"బోర్డు చూడలేదా పెద్దాయనా?"

"బోర్డు చూసే అడుగుతాండా."

పక్కన నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. పదేళ్ళు తిరిగేసరికి సరిగ్గా అదే పని నాకు జీతమిచ్చే ఉద్యోగమైంది. బోర్డు మీద రాసిన ఊరు నిజంగా ఉందా, ఉంటే ఈ బస్సు ఆ ఊరి లోపలిదాకా పోతుందా అని అడగడం. కాకపోతే బస్సు బదులు కంప్యూటరు.

హిందూపురంలో కంప్యూటర్ నేర్చుకుని, నేర్చుకున్నచోటే కొన్నాళ్ళు నేర్పి, నాకు తెలిసిందంతా పిల్లలకు చెప్పేశాక ఇంకా నెల మిగిలిపోతుండటంతో ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర చేరాను. రోజూ పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగేవాణ్ణి. షావుకారుది ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరట్లో ఒక మగ్గం, అంగడి మీద మేడగదిలో డిజైన్ల కంప్యూటర్లు రెండు. ఒకదాని ముందు డిజైనర్ అన్న కూర్చునేవాడు. నేతగాళ్ళ ఇంట్లో పుట్టినవాడు, ఒకప్పుడు గళ్ళ కాగితం మీద చేత్తో నింపిన పువ్వుల్ని ఇప్పుడు మౌసుతో నింపేవాడు. ఆయన గీసినదాన్ని చూసి పక్కనున్న యంత్రం అట్టలకు బెజ్జాలు కొట్టేది. ఆ అట్టలు మగ్గం నెత్తికెక్కితే కింద చీరలో నెమలో, మామిడిపిందో దిగేది. రెండో కంప్యూటరు ముందు నేను. నా పని ఏమిటో నాకూ షావుకారుకూ కూడా అంత స్పష్టంగా తెలియదు గానీ, కంప్యూటరు మొరాయిస్తే నావైపు చూసేవాళ్ళు. అది మామూలైతే నావైపు చూడటం మానేసేవాళ్ళు.

అన్నకు ఒక అలవాటు ఉండేది. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా భుజం మీది తుండు తీసి మానిటర్ మీద వేసేవాడు. నేను మంచినీళ్ళు తాగి వచ్చినా అంతే. మొదట్లో దుమ్ముకేమో అనుకున్నాను. దుమ్ముకైతే మనిషి వెళ్ళాక కప్పుతారు, మనిషి వచ్చినప్పుడు కప్పరు. ఆ సంగతి తట్టిన దగ్గర్నుంచి నా మనసులో ఒక పురుగు చేరింది.

ఆ వేసవిలో పాత హార్డ్‌డిస్కు కటకటమని శబ్దం చేయడం మొదలుపెట్టింది. డిజైన్లన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించే పని అన్న తనే చేస్తానన్నాడు. చేశాడు. మరుసటి సోమవారం బెంగళూరు అంగడివాళ్ళు పాత హంస అంచు చీర మళ్ళీ కావాలన్నారు. యంత్రం దగ్గర ఆ డిజైన్ పిలిచాము. అలాంటి దారి లేదంది. నెమలి కొంగును పిలిచాము. అలాంటి దారి లేదంది. దేన్ని పిలిచినా అదే జవాబు. షావుకారు ఒక్క మాటా మాట్లాడకుండా కిందికి దిగిపోయాడు. ఆయన తిట్టకుండా పోయాడంటే లోపల ఇంకేదో ఉడుకుతోందని అర్థం.

ఆ సాయంత్రం అన్న ఇంటికి వెళ్ళిపోయాక షావుకారు నన్ను పిలిచి, ఎప్పుడూ లేనిది కాఫీ ఇప్పించాడు.

"పక్క వీధిలో మా షడ్డకుడి అంగడి అద్దంలో చీర చూసినావా?"

ఆయన భార్య చెల్లెలి మొగుడిది కూడా పట్టుచీరల వ్యాపారమే. ఇద్దరు తోడల్లుళ్ళకూ మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. అక్కాచెల్లెళ్ళు మాత్రం వెనక సందుల్లోంచి వచ్చిపోతూనే ఉండేవాళ్ళని ఊరంతా ఎరుగును.

"లేదు సార్."

"హంస అంచు. మన హంసే. మెడ వంచింది గూడా మన మాదిరే. వాని అద్దంలోకి ఎట్ల ఎగిరిపాయ? ఈడేమో డిజైన్లు లేవంటాండాది పెట్టె. రెండూ ఒక్కతూరే అయినాయంటే నేనేమనుకోవల్ల?"

నేను ఏమీ అనుకోనట్టు ముఖం పెట్టాను. నిజానికి నేనూ అదే అనుకుంటున్నాను.

"మన డిజైనరు ఏమేమి ఎత్తుకపోయినాడో నాకు లెక్క తేలల్ల. శుక్రవారం సంఘంలో పెద్దమనుషులు కూడతారు. ఆడ చెప్పేస్తా. వానికి మాత్రం నువ్వు ఎతుకుతాండావని తెలియగూడదు."

సంఘంలో చెప్పడమంటే ఏమిటో నాకు తెలుసు. డిజైన్ అమ్ముకున్నాడన్న మాట ఒకసారి అక్కడ పడిందంటే, ధర్మవరంలో ఏ షావుకారూ అతన్ని గడప తొక్కనివ్వడు. అన్నకు చేతనైంది ఆ పనొక్కటే. ఇంట్లో ముసలి తల్లి, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు.

"దేంతో ఎతుకుతావు?" అన్నాడు షావుకారు.

"పైథాన్ అని ఒకటుంది సార్."

"పైథానంటే పామే కదప్పా?"

"కొండచిలువ సార్."

"పెనుకొండోనివి, నీకు కొండచిలువ తెలీకుండా ఉంటాదా. మౌసును మింగకుండా చూసుకో."

అలా దారాల ఊళ్ళో దారులు వెతికే పని నాకు పడింది. పని ఏమిటో చెప్పాలంటే కష్టమేమీ లేదు. కంప్యూటర్లో ప్రతి డిజైన్‌కూ ఒక దారి ఉంటుంది. ఫలానా పెట్టెలో ఫలానా సంచి, ఆ సంచిలో ఫలానా పొట్లం అన్నట్టు, ఫోల్డర్ లోపల ఫోల్డరు. అట్టలు కొట్టే యంత్రం తన పాత చిట్టాలో ఆ దారుల్ని రాసి పెట్టుకుంది. కానీ అది పాతకాలపు యంత్రం. పొడుగు పేర్లు దానికి నోరు తిరగవు. మామిడిపిందె అంచు అన్న పేరును మామిడిపి దాకా పలికి, పక్కన ఒక మెలిక గీత, ఒక అంకె వేసి వదిలేస్తుంది. ఖాళీ ఉన్నచోట గీత పెడుతుంది. చిన్న అక్షరాలన్నిటినీ పెద్దవి చేస్తుంది. ఇలా రూపం మారిన దారుల్ని ఒకవైపు, డిస్కులో నిజంగా ఉన్న ఫోల్డర్లను ఒకవైపు నిలబెట్టి, ఎవరు ఎవరో ఆనవాలు పట్టాలి. పోలికలు పట్టడం పోలీసుల పనే. జీతం మాత్రం పోలీసులది కాదు.

మొదట ఉన్నది ఉన్నట్టుగా పోల్చమన్నాను. ఒక్కటీ కలవలేదు. గీతలూ మెలికలూ తీసేసి, అక్షరాలన్నీ చిన్నవి చేసి పోల్చమన్నాను. అయినా ఒక్కటీ కలవలేదు. అప్పుడు పైథాన్‌లో సుమారు పోలికలు చూసే సామాను ఒకటి ఉందని గుర్తొచ్చింది. రెండు మాటలిస్తే అవి ఎంతవరకు ఒకలాంటివో చెబుతుంది. ఎంత పోలిక ఉంటే చాలో మనం చెప్పాలి. నేను సగం పైన ఉంటే చాలన్నాను. అంతే, కుప్పలుతెప్పలుగా కలిశాయి. నెమలి కొంగు వెళ్ళి నమూనా కొత్తవి అన్న ఫోల్డర్‌తో కలిసింది. రుద్రాక్ష అంచు మా జీతాల ఫోల్డర్‌తో కలిసింది. ఆ రెంటికీ పోలిక లేదని పూర్తిగా అనలేను, రెండూ సన్యాసానికి దగ్గరివే. హద్దు పైకి జరిపితే ఎవరూ ఎవరికీ ఏమీ కారు. కిందికి జరిపితే అందరూ అందరికీ చుట్టాలే. అనుమానం కూడా ఇంతేనని ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది గానీ, అప్పుడు నా హద్దు బాగా కిందే ఉండింది. అన్న జేబులో సీడీ కనిపిస్తే ఒక పోలిక. అన్న షావుకారు కళ్ళలోకి చూడకుండా మాట్లాడితే ఇంకో పోలిక. షావుకారమ్మ మేడమెట్ల దగ్గరకొచ్చి అన్నతో గుసగుసగా ఏదో చెప్పిపోతే, అది మాత్రం ఏ పోలికలోనూ వేయలేదు. ఆమె యజమానురాలు, ఆమె మీద అనుమానమేమిటని నా ప్రోగ్రాము ఆమెను పక్కనపెట్టింది.

అన్న కూడా నన్ను కనిపెడుతూనే ఉన్నాడు.

"ఏమబ్బా, షావుకారు నీకు కాఫీలు తాపిస్తాండాడంట?"

"ఊరికేలే అన్నా."

"నేనొచ్చి ఇన్నేండ్లాయ. నాకు నీళ్ళే పోసేది. నీ మొగంలో ఏమి చూసినాడో."

తుండు మానిటర్ మీద ఇంకాస్త కిందికి లాగాడు. నేనూ నా మానిటర్‌ను కొంచెం పక్కకు తిప్పుకున్నాను. మేడగదిలో రెండు కంప్యూటర్లూ ఒకదానికొకటి వీపు చూపించుకుని అలిగిన వియ్యంకుల్లా కూర్చున్నాయి.

బుధవారం అన్న రాలేదు. జ్వరమని కబురు పంపాడు. షావుకారుకు అది జ్వరంలా వినిపించలేదు.

"నువ్వు పొయ్యి చూసిరా. చూసేదానికి పోయినట్ల పో. ఇంట్లో కంప్యూటరేమన్నా పెట్టినాడా, అది చూడు."

రోగిని చూడటానికి బత్తాయిలు కొనుక్కుని, దొంగను చూడటానికి కళ్ళు తెరుచుకుని వెళ్ళాను. అన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడట, ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది. నేను గడప దాటుతున్నానో లేదో, ఆమె లేచి గబగబా మగ్గం దగ్గరికి వెళ్ళి, నేస్తున్న చీర మీద ఒక పాత చీర కప్పింది. తర్వాతే నావైపు తిరిగి కూర్చోమంది.

"ఏమనుకోవద్దు నాయనా. కొత్తోళ్ళొస్తే కప్పేది మా ఈదిలో అందరికీ అలవాటే. సొంత అల్లుడొచ్చినా కప్పుతాము. చూసిపోయినోడు ఊరికే ఉండడు."

ఆమె కప్పిన తీరులో చెయ్యి తిప్పడం కూడా అన్నదే. మేడగదిలో మానిటర్ మీద పడే తుండు నాకు అప్పుడు కనిపించింది. నెలల తరబడి నేను కూడబెట్టుకున్న ఒక పోలిక అలా ఖర్చయిపోయింది.

కంప్యూటరు లేదు. టీవీ కూడా లేదు. ఉన్నది గోడ. గోడ నిండా మేకులు, మేకులకు దారంతో కుట్టిన అట్టల కట్టలు వేలాడుతున్నాయి. ఒక గోడకు పొడుగ్గా సన్నంగా ఉన్నవి, ఎదురు గోడకు లావువి, వాకిలి పైన చిన్న చిన్నవి.

"ఒక్కో చీరవి ఒక్కో మేకుకు తగిలిస్తారా అమ్మా?"

ఆమె నవ్వింది. "చీరను అట్ల తగిలిస్తే ఇల్లు సాలుతుందా? ఈ పక్క అంచులు, ఆ పక్క కొంగులు, పైన బుటాలు. అంచు ఒక్క కొంగుతోనే ఉంటాదా ఏమి? పోయినసారి హంసకు నెమిలి కొంగు, ఈసారి ఇంగో కొంగు. ఎవురితో జత కుదిరితే వాళ్ళతో."

మధ్యలో ఒక మేకు ఖాళీగా ఉంది. దాని కింద సున్నం మీద పొడుగాటి మరక మాత్రం మిగిలింది. నాలోని దొంగల్ని పట్టేవాడు వెంటనే లేచి కూర్చున్నాడు.

"ఈ మేకుది యాడికి పోయింది?"

"యాడికి పోతాది, మగ్గం మీదుండాది. మగ్గమెక్కింది గోడ మీద యాడుంటాది? ఏమి, నువ్వు చూసేదానికొచ్చినావా, లెక్కబెట్టేదానికొచ్చినావా?"

బత్తాయిలు ఆమె చేతిలో పెట్టి బయటపడ్డాను.

సందు చివరిదాకా వచ్చేసరికి అసలు సంగతి అర్థమైంది. పాత డిస్కులో షావుకారు చెప్పినట్టు చీరకొక ఫోల్డరు ఉండేది. దాని లోపల ఆ చీర అంచు, కొంగు, బుటా. షావుకారు చీర అమ్మేవాడు కాబట్టి చీరగానే ఆలోచిస్తాడు. అన్న కొత్త డిస్కు చేతికి రాగానే దాన్ని తన ఇంటి గోడలాగా సర్దుకున్నాడు. అంచులన్నీ ఒక ఫోల్డరు, కొంగులన్నీ ఒక ఫోల్డరు, లోపల చీర పేర్లు. ముందుది వెనకా, వెనకది ముందూ అయ్యాయి. నేనేమో దారిని మొదటి నుంచి చివరిదాకా ఒకే తాడుగా పట్టుకుని పోలుస్తున్నాను. పేరుకు ముందు ఇంటిపేరు రాసేవాణ్ణీ, తర్వాత రాసేవాణ్ణీ వేరు వేరు మనుషులనుకున్నట్టు.

గురువారమంతా కూర్చుని ప్రోగ్రామును మార్చాను. దారిలో ఫోల్డరుకూ ఫోల్డరుకూ నడుమ ఉండే అడ్డగీత దగ్గరల్లా ముక్కలు చేయమన్నాను. ఏ ముక్క ముందు, ఏ ముక్క వెనక అన్నది వదిలేయమన్నాను. ముక్కలన్నిటినీ ఒక కట్టగా పట్టుకుని, అటు కట్టలో ఉన్నవి ఇటు కట్టలో ఎన్ని ఉన్నాయో చూడమన్నాను. తెగిపోయిన పేర్లకు మాత్రమే సుమారు పోలిక, అదీ హద్దు బాగా పైకి జరిపి. సాయంత్రం ప్యాసింజరు వెళ్ళిపోయింది, నేను కదల్లేదు. తెర మీద జతలు ఒకటొకటే కుదురుతూ వచ్చాయి. నెమలి కొంగు దొరికింది. మామిడిపిందె, రుద్రాక్ష, కోట అంచు, అన్నీ దొరికాయి. ఏదీ ఎక్కడికీ పోలేదు.

ఒక్కటి తప్ప. హంస అంచు.

శుక్రవారం పొద్దున షావుకారు తెల్లచొక్కా వేసుకుని సంఘానికి తయారై ఉన్నాడు. తెరను చూపించాను.

"అన్నీ ఉండాయి సార్. ఆయన సర్దిన తీరు వేరే, అంతే."

"అన్నీనా?"

"హంస ఒకటి కనపడలేదు."

ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని నోరు మూసుకునే లోపే ఆయన ముఖం వెలిగింది. అనుమానం నిజమైనవాడి ముఖంలో ఉండే వెలుగు అది. నష్టపోయినవాడు అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

"సూడు మళ్ళ! తెలివైనోడు. అన్నీ ఎత్తుకపోతే తెలుస్తాదని హంసను ఒక్కదాన్నే ఎత్తినాడు. మిగతావి ఊరికే చెల్లాచెదురు చేసిపెట్టినాడు, మనం వాటిని ఎతుక్కుంటా ఉంటే వాని పని వానికి అవుతుందని."

చెప్పులు వేసుకుంటున్నాడు. వీధి చివర సంఘం గది. నడిస్తే వక్క నమిలేంతసేపు కూడా పట్టదు.

అప్పుడు ఆ ఖాళీ మేకు, దాని కింద మరక గుర్తొచ్చాయి. మగ్గమెక్కింది గోడ మీద ఉండదు. కొత్త డిస్కులో మగ్గం అని ఒక ఫోల్డరు ఉండింది. నేను దాన్ని మొదటిరోజే చూశాను. యంత్రం తాలూకు సామాను అయ్యుంటుందనుకుని, దాంట్లోకి వెళ్ళవద్దని ప్రోగ్రాముకు నేనే చెప్పాను.

"ఒక్క నిమిషం సార్. ఒక ఫోల్డరు చూడకుండా వదిలేసినా."

"పెద్దమనుషులు కాసుకోనుండారప్పా."

ఆ ఒక్క వరుసా తీసేసి మళ్ళీ నడిపించాను. కొండచిలువ కదా, తీరిగ్గానే కదులుతుంది. ఆయన గడప మీద ఒక కాలు, మేడమెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. మగ్గం ఫోల్డర్ లోపల ఇల్లు అని ఒక ఫోల్డరు, దాని లోపల హంస అంచు. ఈకలతో సహా భద్రంగా ఉంది.

షావుకారు తెర దగ్గరికి వంగి చదివాడు. "ఇల్లా? ఎవురిల్లు?"

నేను పెరటివైపు చూశాను. మా డిజైన్లు ఎక్కే మగ్గాల్లో ఇంటి మగ్గం అనిపించుకునేది ఒకటే. అది ఆయన పెరట్లోనే ఉంది. ఆ మగ్గం సంగతులన్నీ షావుకారమ్మవే. ఊళ్ళో ఎవరి గుంట మగ్గం మీద ఏముందో చెప్పగలిగిన షావుకారు, సొంత పెరట్లోకి స్నానానికి తప్ప పోయేవాడు కాదు.

ఆయన మెట్లు దిగి వెనక వాకిట్లోకి వెళ్ళాడు. మగ్గం చప్పుడు ఆగింది. తర్వాత షావుకారమ్మ గొంతు వినిపించింది. తగ్గించుకుని మాట్లాడాలన్న ఉద్దేశం ఆమెకున్నట్టు లేదు.

"అవును, నేనే నేపిచ్చినా. మా చెల్లెలి శ్రీమంతానికి పెట్టినా. ఇది రెండోది, నాకు. మిమ్మల్ని అడిగింటే పెట్టనిస్తాంటిరా? దాని మొగుడు ఆ చీరను తీసకపొయ్యి అద్దంలో పెడితే నేనేమి చేసేది? డిజైనర్ పిల్లోణ్ణి ఏమన్నా అన్నారంటే బాగుండదు. ఎవురికీ చెప్పొద్దని నేనే వానితో ఒట్టు ఏపిచ్చుకున్నా."

షావుకారు మళ్ళీ మేడెక్కి వచ్చి చెప్పులు విడిచాడు. కుర్చీలో కూర్చుని చాలాసేపు తెరలోని హంసను చూశాడు.

"సంఘానికి పోవడంలేదా సార్?"

"దేనికి? మా ఇంటామె మీద చెప్పేదానికా?" అని, నావైపు తిరిగి, "నువ్వు మొదుట్నుంచీ ఆ ఫోల్డరు చూడకుండా వదిలినావంటివే. నీకు ముందే తెలుసు గదా?" అన్నాడు.

తెలియదని చెప్పాను. ఎంత నమ్మకంగా చెబితే అంత అబద్ధంలా వినిపించింది. ఆ రోజు నుంచి కాఫీ ఆగిపోయింది.

శనివారం అన్న జ్వరం తగ్గి వచ్చాడు. తుండు దులిపి, కుర్చీ తుడుచుకుని, నావైపు చూడకుండానే అడిగాడు.

"మా ఇంటికొచ్చినావంట. బత్తాయిలు తెచ్చినావంట."

"చూసేదానికొచ్చినా అన్నా."

"మా యమ్మ చెప్పిందిలే. గోడ బాగా చూసినాడు, మేకు గూడా అడిగినాడు అనింది." కంప్యూటరు మీట నొక్కి, మళ్ళీ అన్నాడు. "శుక్రవారం సంఘంలో మా పేరేమన్నా వినపడిందా?"

"లేదు."

"ఊఁ. నన్నే అడిగింటే సరిపోతాండె గదబ్బా."

"అడిగితే చెప్పేవాడివా?"

తుండు మడిచి భుజాన వేసుకున్నాడు. "చెప్పేవాణ్ణి కాదులే. ఒట్టేసుంటి. సర్దిన తీరు చెప్తే హంస సంగతీ బయటపడతాండె."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అన్న చెయ్యి అలవాటుగా తుండు మీదికి పోయి, తన మానిటర్‌ను కప్పింది. తర్వాత ఏమనుకున్నాడో, ఒక చివర పట్టి లాగి నా మానిటర్ మీద కూడా వేశాడు. రెండింటికీ తుండు చాలలేదు. నా తెర సగం బయటే ఉండిపోయింది. మెట్లెక్కి వస్తున్నవాళ్ళు ఎవరైతే వాళ్ళకు ఆ సగం కనిపించకుండా నేను కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాను.